ఇటలీ ఏకీకరణ, జాతీయవాదం

ఇటలీ ద్వీపకల్పంలోని చిన్నా పెద్దా రాజ్యాలు కలిసి ఒకే దేశంగా ఏర్పడిన పరిణామాన్ని ఇటలీ ఏకీకరణ అంటారు. ఇటాలియన్లు దీన్ని రిసార్జిమెంటో (పునరుత్థానం) అని పిలుచుకుంటారు. ఇది ఎప్పుడు మొదలైందన్నదానిపై చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. 1796లో నెపోలియన్ సేనలు ఇటలీలో అడుగుపెట్టినప్పుడే అని కొందరు, 1815 నాటి వియన్నా ఒప్పందాల తర్వాతే అని కొందరు అంటారు. ఎప్పుడు ముగిసిందంటే మాత్రం ఎక్కువమంది చెప్పే తేదీ 1870 సెప్టెంబరు 20. ఆ రోజు ఇటలీ సైన్యం రోమ్ నగరంలోకి ప్రవేశించింది.

మన పాఠ్యపుస్తకాల్లో ఇది ముగ్గురి కథ. మాజినీ హృదయం, కవూర్ మెదడు, గారిబాల్డి ఖడ్గం అని పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్లు తెలుగునాట చాలామందే ఉంటారు. గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ ముగ్గురూ చేయీ చేయీ కలిపి పనిచేశారనే భ్రమ కలిగిస్తుంది. నిజానికి వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ రాజ్యపు న్యాయస్థానాలు మాజినీకి అతను లేకుండానే మరణశిక్ష విధించాయి. కవూర్ ఆ పీడ్‌మాంట్‌కే ప్రధానమంత్రి. గారిబాల్డి తన పుట్టిన ఊరిని ఫ్రాన్సుకు అప్పగించాడని కవూర్‌ను పార్లమెంటులోనే నిలదీశాడు. ముగ్గురూ కోరుకున్న ఇటలీలు మూడు. చివరికి వచ్చినది ఆ మూడింటిలో ఏదీ కాదు.

ఇంకో సంగతి. రాజ్యాలు కలవడం వేరు, మనుషులు కలవడం వేరు. మొదటిది 1859కీ 1870కీ మధ్య పదకొండేళ్లలో జరిగిపోయింది. రెండోదానికి తరాలు పట్టింది.

వియన్నా గీసిన సరిహద్దులు

నెపోలియన్ పాలన ఇటలీలో ఇరవయ్యేళ్లు కూడా నిలవలేదు. ఆ కొద్దికాలంలోనే పాత సరిహద్దులు చెరిగిపోయాయి, ఫ్రెంచి న్యాయస్మృతి వచ్చింది, భూస్వామ్య హక్కులు రద్దయ్యాయి. 1797 జనవరి 7న రెజ్జో ఎమీలియా పట్టణంలో ఒక చిన్న రిపబ్లిక్ ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రంగుల జెండాను తనదిగా స్వీకరించింది. నేటి ఇటలీ జెండాకు అదే మూలం. 1805లో నెపోలియన్ మిలాన్‌లో ఇటలీ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. ఆ రాజ్యంలో ఉన్నది ఉత్తర, మధ్య భాగాలే అయినా, ఇటలీ అన్న మాట ఒక ప్రభుత్వ ముద్ర మీదికి ఎక్కింది. దానికి ఇటాలియన్లు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. నెపోలియన్ కోసం రష్యాకు వెళ్లిన వేలమంది ఇటాలియన్ సైనికుల్లో తిరిగివచ్చినవాళ్లు కొద్దిమందే.

1815లో వియన్నాలో సమావేశమైన విజేతలు గడియారాన్ని వెనక్కి తిప్పారు. లొంబార్డీ, వెనీషియా నేరుగా ఆస్ట్రియా ఏలుబడిలోకి వెళ్లాయి. పార్మా, మోడెనా, టస్కనీ ఆస్ట్రియాను ఏలే హాప్స్‌బర్గ్ వంశపు బంధువుల చేతికి వచ్చాయి. మధ్యలో పోప్ రాజ్యం. దక్షిణాన బోర్బన్ వంశం ఏలే రెండు సిసిలీల రాజ్యం, రాజధాని నేపుల్స్. వాయవ్యాన టురిన్ రాజధానిగా సవోయ్ వంశపు సార్డీనియా రాజ్యం. దాని పేరు ద్వీపానిదే అయినా బలమంతా పీడ్‌మాంట్ ప్రాంతానిది కాబట్టి ఆ పేరే వాడుకలోకి వచ్చింది. మొత్తం ద్వీపకల్పంలో ఇటాలియన్ అని చెప్పుకోదగ్గ రాజవంశం అదొక్కటే. వాళ్లు కూడా ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు. ఇటలీ అన్నది కేవలం ఒక భౌగోళిక నామం అని ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ తేల్చేశాడు. అది అవమానంగా తగిలింది గానీ, 1815 నాటి పటం చూస్తే అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

జాతి అనే ఊహ

మొదటి తరం తిరుగుబాటుదారులు కార్బొనారీ అనే రహస్య సంఘానికి చెందినవాళ్లు. 1820లో నేపుల్స్‌లో, 1821లో పీడ్‌మాంట్‌లో, 1831లో మధ్య ఇటలీలో తిరగబడ్డారు. మూడుసార్లూ ఆస్ట్రియా సైన్యం వచ్చి అణచివేసింది. వాళ్లలో చాలామంది అడిగింది రాజ్యాంగం. ఇటలీ మొత్తం ఒకటి కావాలన్న కోరిక అప్పటికింకా స్పష్టంగా లేదు.

ఆ కోరికకు రూపమిచ్చినవాడు జ్యుసెప్పే మాజినీ. 1805లో జెనోవాలో డాక్టరు కొడుకుగా పుట్టి, లా చదివి, కార్బొనారీలో చేరి, జైలుకెళ్లి, దేశం విడిచి 1831లో ఫ్రాన్సులోని మార్సే నగరంలో యువ ఇటలీ సంఘం పెట్టాడు. నలభై దాటినవాళ్లను మామూలుగా చేర్చుకునేవాడు కాదు. ఒకే దేశం, రాజు లేని రిపబ్లిక్, బయటివాళ్ల దయతో కాక జనం తిరుగుబాటుతో రావాలి, ఇదీ అతని పట్టు. జాతి అంటే అతని లెక్కలో హక్కు మాత్రమే కాదు, మానవాళి పట్ల బాధ్యత కూడా. అందుకే 1834లో బెర్న్ నగరంలో యువ ఐరోపా అనే మరో సంఘమూ పెట్టాడు. మాతృభూమి దాస్యానికి శోకసూచకంగా ఎప్పుడూ నల్లబట్టలే వేసుకునేవాడంటారు.

అతను నడిపించిన తిరుగుబాట్లన్నీ విఫలమయ్యాయి. 1844లో బందియేరా సోదరులు కొద్దిమంది అనుచరులతో కలాబ్రియాలో దిగారు. జనం లేచి కలిసివస్తారని ఆశపడ్డారు. ఎవరూ రాలేదు, అన్నదమ్ములిద్దరినీ కాల్చి చంపారు. మాజినీ బలం కుట్రల్లో కన్నా ఉత్తరాల్లో, పత్రికల్లో ఉంది. 1837 నుంచి లండన్‌లో అద్దెగదుల్లో ఉంటూ, 1841లో అక్కడ హాటన్ గార్డెన్‌లో పేద ఇటాలియన్ పిల్లల కోసం ఉచితంగా రాత్రిబడి నడిపాడు. వీధుల్లో వాయిద్యపెట్టె తిప్పుతూ, బొమ్మలమ్ముతూ యజమానులకు రోజుకింత అని కట్టే పిల్లలు వాళ్లు. ఇటలీ చరిత్ర, భూగోళం వాళ్లకు మొదటిసారి అక్కడే తెలిశాయి. జాతిని తయారుచేయడం అంటే ఏమిటో ఆ విప్లవకారుడి తుపాకుల కన్నా ఈ బడి ఎక్కువ చెబుతుంది.

అందరూ మాజినీ దారిలో లేరు. వించెంజో జొబెర్తి అనే మతాచార్యుడు 1843లో రాసిన గ్రంథంలో పోప్ అధ్యక్షతన రాజ్యాల సమాఖ్య చాలన్నాడు. మిలాన్ మేధావి కార్లో కత్తానియో స్విట్జర్లాండ్ తరహా సమాఖ్య కోరుకున్నాడు. నగరాలకు, ప్రాంతాలకు వందల ఏళ్ల సొంత చరిత్ర ఉన్న ఇటలీకి అదే నప్పేదేమో. తర్వాత జరిగినవి చూస్తే కత్తానియో మాట వినాల్సిందనిపిస్తుంది, కానీ అతని వెనక సైన్యం లేదు.

సాహిత్యం, సంగీతం ఈ ఊహను చదువుకున్న ఇళ్లలోకి తీసుకెళ్లాయి. ఆస్ట్రియా జైల్లో ఏళ్లపాటు మగ్గిన సిల్వియో పెల్లికో 1832లో అచ్చువేసిన జైలు జ్ఞాపకాలు ఐరోపా అంతటా చదివారు. పుస్తకంలో ఆవేశం లేదు, ఆస్ట్రియా మీద నిందా దాదాపు లేదు. అయినా ఆస్ట్రియా పరువు తీసింది. వెర్డి సంగీతం గురించి ఒక కథ ఉంది. 1842లో మిలాన్‌లోని లా స్కాలాలో నబుకో ఆపెరా మొదటి ప్రదర్శనలో బందీల బృందగానం వినగానే జనం ఊగిపోయి మళ్లీ పాడించుకున్నారని. ఆనాటి పత్రికలు తిరగేసిన పరిశోధకులకు దానికి ఆధారం దొరకలేదు. దేశం ఏర్పడ్డాక ఆ పాటకు ఆ పేరు వచ్చింది. వెర్డి పేరులోని అయిదక్షరాలను ఇటలీ రాజు విక్టర్ ఇమాన్యుయేల్ అని విడదీసి గోడల మీద రాయడం మాత్రం 1859 ప్రాంతంలో నిజంగానే జరిగింది.

1848

ఆ సంవత్సరం మిలాన్‌లో చుట్టతో మొదలైంది. పొగాకు మీద ఆదాయం ఆస్ట్రియా ఖజానాకు పోతుంది కాబట్టి జనవరి 1 నుంచి పొగతాగొద్దని నగరవాసులు తీర్మానించుకున్నారు. వీధుల్లో చుట్ట కనబడితే లాగి పారేశారు. ఆస్ట్రియా సైనికులు పంతానికి పోయి, చుట్టలు వెలిగించుకుని గుంపులుగా బజార్లలో తిరిగారు. జనవరి 3న గొడవ ముదిరి సైనికులు కత్తులు దూశారు, మనుషులు చచ్చిపోయారు. పదిరోజులు తిరక్కుండానే సిసిలీలోని పాలెర్మో లేచింది. మార్చిలో వియన్నాలోనే విప్లవం వచ్చి మెటర్నిక్ పారిపోయాడన్న వార్త అందగానే మిలాన్ వీధులకు అడ్డుకట్టలు లేచాయి. ఇళ్లలోని సామాన్లు, గుర్రబ్బళ్లు, పియానోలు, చర్చి బల్లలు, ఏది దొరికితే అది. నగరం చుట్టూ సైన్యం ఉంటే, కాగితపు బెలూన్లకు కరపత్రాలు కట్టి గోడలమీదుగా పల్లెలకు వదిలారు. మార్చి 18 నుంచి 22 దాకా అయిదు రోజులు పోరాడి ఆస్ట్రియా మార్షల్ రాడెట్‌స్కీ సేనను నగరం నుంచి వెళ్లగొట్టారు. వెనిస్‌లో లాయరు దానియేలె మానిన్ రిపబ్లిక్ ప్రకటించాడు.

పీడ్‌మాంట్ రాజు చార్లెస్ ఆల్బర్ట్ మార్చి 4నే ఒక రాజ్యాంగం ఇచ్చి ఉన్నాడు. ఇప్పుడు ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించాడు. ఇటలీ తన బాగోగులు తనే చూసుకోగలదని ధీమాగా అన్నాడు. ఆ ధీమా జులైలో కుస్తోత్సాలో, 1849 మార్చి 23న నొవారాలో పటాపంచలైంది. అదే రాత్రి సింహాసనం కొడుకు విక్టర్ ఇమాన్యుయేల్‌కు వదిలేసి పోర్చుగల్ వెళ్లిపోయాడు.

దానికన్నా పెద్ద దెబ్బ పోప్ నుంచి తగిలింది. తొమ్మిదో పయస్ 1846లో గద్దెనెక్కగానే రాజకీయ ఖైదీలను విడిచిపెట్టి జనం కళ్లలో దేవుడయ్యాడు. జొబెర్తి కల ఫలిస్తుందనుకున్నారు. కానీ 1848 ఏప్రిల్ 29న, కాథలిక్ దేశమైన ఆస్ట్రియా మీద తాను యుద్ధం చేయనని పోప్ ప్రకటించాడు. నవంబరులో అతని మంత్రి హత్యకు గురయ్యాడు, పోప్ మారువేషంలో రోమ్ విడిచి గయేటా కోటకు చేరాడు. 1849 ఫిబ్రవరి 9న రోమ్‌లో రిపబ్లిక్ వచ్చింది. మాజినీ దాన్ని నడిపిన ముగ్గురిలో ఒకడు. రాజభవనంలో చిన్న గది చాలన్నాడు, చవక పూటకూళ్లలో తిన్నాడు. గారిబాల్డి కోట గోడల మీద పోరాడాడు. యువరాణి క్రిస్టీనా బెల్జొయొసో క్షతగాత్రుల ఆస్పత్రులను నడిపింది. రిపబ్లిక్‌ను కూల్చినది ఆస్ట్రియా కాదు. మరో రిపబ్లిక్ అయిన ఫ్రాన్స్, తన కాథలిక్ ఓటర్ల మెప్పుకోసం సైన్యం పంపి జులై మొదట్లో రోమ్‌ను పట్టుకుంది. నేటి ఇటలీ జాతీయగీతం రాసిన ఇరవై ఒక్కేళ్ల గొఫ్రేదో మమేలి ఆ పోరులో కాలికి దెబ్బతగిలి చనిపోయాడు. తప్పించుకుపోతుండగా గారిబాల్డి భార్య అనీటా, గర్భిణి, రవెన్నా సమీపంలో జ్వరంతో కన్నుమూసింది. ఆగస్టులో, కలరా, ఆకలి, ఫిరంగిగుళ్ల మధ్య వెనిస్ లొంగిపోయింది.

అంతా పోయాక మిగిలినది ఒక్కటి, పీడ్‌మాంట్ రాజ్యాంగం. మిగతా రాజులంతా ఇచ్చిన రాజ్యాంగాలను వెనక్కి తీసుకున్నారు, విక్టర్ ఇమాన్యుయేల్ తీసుకోలేదు. పదేళ్లలో లక్షమంది దాకా రాజకీయ శరణార్థులు టురిన్, జెనోవాలకు చేరారని చెబుతారు. అంకె ఎంతైనా, ఇటలీ మేధావి వర్గం మొదటిసారి ఒకే రాజ్యంలో పోగయింది.

కవూర్ లెక్కలు

కౌంట్ కమిల్లో కవూర్ భావుకుడు కాడు. పొట్టిగా, లావుగా, గుండ్రటి కళ్లద్దాలతో ఉండే ఈ భూస్వామి తన పొలాల్లో కొత్త ఎరువులు ప్రయత్నించాడు, బ్యాంకు పెట్టాడు, పత్రిక నడిపాడు, పేకాటలో డబ్బు పోగొట్టుకున్నాడు. 1852లో ప్రధాని అయ్యాడు. పీడ్‌మాంట్‌లో రైలుమార్గాలు వేయించాడు. 1859 నాటికి ఇటలీలో ఉన్న రైలుమార్గంలో దాదాపు సగం అక్కడే. లండన్, పారిస్ బాగా ఎరిగినవాడు రోమ్‌ను గానీ నేపుల్స్‌ను గానీ జీవితంలో చూడలేదు. అతని తొలి లక్ష్యం ఉత్తర ఇటలీ. దక్షిణం దాకా వెళ్లడం 1860కి ముందు అతని ఆలోచనలో ఉన్నట్టు కనిపించదు.

ఆస్ట్రియాను పీడ్‌మాంట్ ఒంటరిగా ఓడించలేదని 1849 నేర్పింది. అందుకని కవూర్ పెద్ద రాజ్యాల పేచీల్లో తలదూర్చాడు. 1855లో, తనకు ఏమీ సంబంధం లేని క్రిమియా యుద్ధానికి పదిహేను వేల పైచిలుకు సైన్యాన్ని పంపి, మరుసటేడు పారిస్ శాంతిసభలో కుర్చీ సంపాదించాడు. 1858 జులైలో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌తో ప్లొంబియేర్ అనే ఊళ్లో రహస్యంగా కలిశాడు. ఇద్దరే కూర్చుని యుద్ధానికి సాకు ఏం దొరుకుతుందా అని పటం మీద వెతికారు. బేరం కుదిరింది. ఫ్రాన్స్ సైన్యం ఇస్తుంది, బదులుగా సవోయ్, నీస్ తీసుకుంటుంది. దానితోపాటు రాజు విక్టర్ ఇమాన్యుయేల్ పెద్ద కూతురు క్లొతీల్దెను, పదిహేనేళ్ల పిల్లను, చక్రవర్తి వరసకు తమ్ముడైన ముప్పై ఆరేళ్ల రాకుమారుడికిచ్చి పెళ్లి చేయాలి. చేశారు.

1859 ఏప్రిల్‌లో ఆస్ట్రియాయే తొందరపడి హెచ్చరిక పంపి కవూర్‌కు కావలసిన సాకు ఇచ్చింది. జూన్ 4న మజెంటాలో, 24న సోల్ఫెరీనోలో ఫ్రెంచి, పీడ్‌మాంట్ సేనలు గెలిచాయి. సోల్ఫెరీనోలో ఒక్కరోజులో రెండు పక్షాలకూ కలిపి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు సుమారు 40 వేలు. ఆ దారిన వెళ్తున్న స్విస్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ అది చూసి రాసిన పుస్తకమే రెడ్‌క్రాస్‌కు పునాది. మూడో నెపోలియన్ కూడా జడిసి, కవూర్‌కు చెప్పకుండా జులై 11న విల్లాఫ్రాంకాలో ఆస్ట్రియాతో రాజీపడ్డాడు. పీడ్‌మాంట్‌కు లొంబార్డీ దక్కింది, వెనీషియా దక్కలేదు. కవూర్ మండిపడి రాజీనామా విసిరికొట్టాడు. ఆరునెలల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈలోగా టస్కనీ, మోడెనా, పార్మాల్లో స్థానిక నాయకులు పాత పాలకులను తిరిగి రానివ్వలేదు. 1860 మార్చిలో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలతో అవి పీడ్‌మాంట్‌లో కలిశాయి. అందుకు ఫ్రాన్స్ సమ్మతించినందుకు సవోయ్, నీస్ ఇచ్చుకోవలసి వచ్చింది. నీస్ గారిబాల్డి పుట్టిన ఊరు.

వెయ్యిమంది

ఇక్కడ కథ కవూర్ చేతిలోంచి జారిపోయింది. 1860 ఏప్రిల్‌లో పాలెర్మోలో ఒక తిరుగుబాటు లేచి అణగారింది, పల్లెల్లో మాత్రం నిప్పు ఆరలేదు. సిసిలీ ప్రవాసి ఫ్రాంచెస్కో క్రిస్పి తదితరులు నచ్చజెప్పగా గారిబాల్డి బయల్దేరాడు. మే 5 రాత్రి జెనోవా దగ్గరి క్వార్తో తీరం నుంచి పీమోంతె, లొంబార్దో అనే రెండు స్టీమర్లలో, తుప్పుపట్టిన పాత తుపాకులతో, తూటాలు కూడా సరిగా లేకుండా. తర్వాత ప్రభుత్వం ప్రచురించిన జాబితాలో ఉన్న పేర్లు 1,089. వాళ్లలో లాయర్లు, డాక్టర్లు, విద్యార్థులు, దుకాణదారులు, చేతిపనివాళ్లు ఉన్నారు. ఒక్క బెర్గామో పట్టణం నుంచే నూటయాభైకి పైగా వచ్చారు. ఒకే ఒక స్త్రీ, క్రిస్పి భార్య రొసాలియా మొంమాసోన్. రైతులు మాత్రం దాదాపు లేరు.

మే 11న మర్సాలా రేవులో దిగారు. అక్కడి ద్రాక్షసారా వ్యాపారం ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉండేది, రేవులో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు ఆగి ఉన్నాయి. వాళ్ల మనుషులకు, ఆస్తులకు దెబ్బ తగులుతుందేమోనని బోర్బన్ నౌక ఫిరంగులు పేల్చడానికి తటపటాయించింది. ఆ కాసేపట్లో దండంతా ఒడ్డెక్కింది. చరిత్ర కొన్నిసార్లు ఇంత సన్నటి దారం మీద వేలాడుతుంది. మే 15న కలతఫీమి గుట్ట మీద మెట్టుమెట్టుగా ఎక్కుతూ గెలిచారు. నెలాఖరుకు పాలెర్మో వీధుల్లో ఉన్నారు. ఇరవై వేలమంది సైన్యం ఉన్న నగరం అది.

గారిబాల్డి, రాజు విక్టర్ ఇమాన్యుయేల్ పేరుమీద సర్వాధికారం తీసుకుని పిండి మర పన్ను రద్దుచేశాడు. తన వెంట పోరాడినవారికి ఊరుమ్మడి భూముల్లో వాటా ఇస్తానన్నాడు. సిసిలీ పల్లె జనానికి ఇటలీ అంటే ఏమిటో తెలియకపోయినా, భూమి అంటే తెలుసు. ఎట్నా అగ్నిపర్వతం పక్కనున్న బ్రోంతె ఊరి భూములు 1799లో బోర్బన్ రాజు ఇంగ్లండ్ నౌకాధిపతి నెల్సన్‌కు జాగీరుగా ఇచ్చినవి. వారసులు ఎక్కడో ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లు. ఆగస్టు మొదట్లో ఊరు తిరగబడింది. దస్తావేజులు తగలబెట్టారు. ఊరి పెద్దమనుషుల్ని, వాళ్లవాళ్లని పదహారుమందిని చంపారు. గారిబాల్డి కుడిభుజమైన నీనో బిక్సియో దండుతో వచ్చి విచారణ తూతూమంత్రంగా ముగించి అయిదుగురిని కాల్పించాడు. చనిపోయినవాళ్లలో ఒకడు రైతులవైపు నిలిచిన లాయరు నికోలో లొంబార్దో. మరొకడు ఊళ్లో అందరికీ తెలిసిన పిచ్చివాడు. తర్వాత సిసిలీ రచయిత జొవాన్ని వెర్గా ఇదే ఇతివృత్తంతో కథ రాశాడు. పల్లెలు కోరుకున్న విముక్తి, గారిబాల్డి ఎర్రచొక్కాల దళం తెచ్చిన విముక్తి ఒకటి కావని అక్కడ బయటపడింది.

దండు జలసంధి దాటి సెప్టెంబరు 7న నేపుల్స్ చేరింది. చేరింది అనడం కూడా సరికాదు, గారిబాల్డి తన సైన్యాన్ని వెనకే వదిలేసి కొద్దిమందితో రైలెక్కి వచ్చి దిగాడు. కోటలో బోర్బన్ సైనికులు ఇంకా ఉన్నారు, పేల్చలేదు. రాజు రెండో ఫ్రాన్సిస్ ముందురోజే గయేటాకు వెళ్లిపోయాడు. గారిబాల్డి ఇక రోమ్ మీదికి వెళ్తే ఫ్రాన్స్ యుద్ధానికి దిగుతుందని, దేశం రిపబ్లిక్ అవుతుందని కవూర్‌కు భయం. అందుకే అతను పోప్ రాజ్యంలోకి సైన్యాన్ని తోలి, సెప్టెంబరు 18న కాస్తెల్‌ఫిదార్దోలో పోప్ సేనను ఓడించి, దక్షిణానికి రాజునే పంపాడు. అక్టోబరు 26న తెయానో దగ్గర రాజు, గారిబాల్డి గుర్రాలమీద కలిశారు. గారిబాల్డి తను గెలిచిన రాజ్యాన్ని అప్పజెప్పాడు. అయిదురోజుల ముందే జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సిసిలీలో 4 లక్షల 32 వేల పైచిలుకు అవునన్నారు, కాదన్నవి 667 ఓట్లు. ఓటు అందరి ఎదుటే వేయాలి. అవునుకొక పెట్టె, కాదుకొక పెట్టె. రాజు గారిబాల్డి వాలంటీర్ల కవాతు చూడటానికి రాలేదు. నవంబరు 9న గారిబాల్డి కొంత అప్పుచేసిన డబ్బు, ఒక బస్తా విత్తనాలు తీసుకుని కప్రేరా ద్వీపంలోని తన పొలానికి వెళ్లిపోయాడు.

టురిన్ నుంచి రోమ్ దాకా

1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ప్రకటించారు. కొత్త దేశపు మొదటి రాజు తనను మొదటి విక్టర్ ఇమాన్యుయేల్ అని పిలిపించుకోలేదు, సవోయ్ వంశపు లెక్క ప్రకారం రెండో వాడిగానే ఉండిపోయాడు. పీడ్‌మాంట్ రాజ్యాంగమే ఇటలీ రాజ్యాంగమైంది, అది 1948 దాకా నడిచింది. చాలామంది దృష్టిలో ఇది ఏకీకరణ కాదు, పీడ్‌మాంట్ విస్తరణ. జనాభా 2 కోట్ల 20 లక్షలకు దగ్గర. ఓటు హక్కు ఉన్నది నూటికి ఇద్దరికన్నా తక్కువమందికి. ఆ మొదటి పార్లమెంటులో వెర్డి కూడా సభ్యుడు. జూన్ 6న కవూర్ యాభై ఏళ్ల వయసులో జ్వరంతో పోయాడు.

మిగిలిన రెండు ముక్కలూ ప్రష్యా పుణ్యాన వచ్చాయి. 1866లో ప్రష్యాతో చేతులు కలిపి ఆస్ట్రియా మీద యుద్ధానికి దిగిన ఇటలీ, నేలమీద కుస్తోత్సాలోనూ, సముద్రంమీద లిస్సాలోనూ ఓడింది. ప్రష్యా గెలిచింది కాబట్టి వెనీషియా దక్కింది, అదీ ఆస్ట్రియా ముందు ఫ్రాన్సుకిస్తే, ఫ్రాన్స్ ఇటలీకిచ్చింది. రోమ్ కోసం గారిబాల్డి రెండుసార్లు ప్రయత్నించాడు. 1862లో అస్ప్రొమోంతె కొండల్లో ఇటలీ సైన్యమే కాల్చి అతని కాలు గాయపరిచింది. 1867లో మెంతానాలో ఫ్రెంచివాళ్లు ఓడించారు. 1870లో ప్రష్యాతో యుద్ధం రాగానే ఫ్రాన్స్ రోమ్ నుంచి తన పటాలాన్ని వెనక్కి పిలిపించుకుంది. సెప్టెంబరు 20 ఉదయం పోర్తా పీయా ద్వారం పక్కన ఫిరంగులతో గోడకు గండికొట్టి ఇటలీ సైన్యం లోపలికి వెళ్లింది. టురిన్ నుంచి 1865లో ఫ్లోరెన్సుకు మారిన రాజధాని 1871లో రోమ్‌కు వచ్చింది. పోప్ తనను తాను వాటికన్‌లో ఖైదీగా చెప్పుకున్నాడు, నిష్ఠగల కాథలిక్కులు పార్లమెంటు ఎన్నికల్లో పాల్గొనరాదన్నాడు. ఆ తగవు 1929లో ముసోలినీతో చేసుకున్న లాటరన్ ఒప్పందంతో గానీ తీరలేదు.

దక్షిణం

కొత్త ప్రభుత్వం దక్షిణానికి మూడు కానుకలు తెచ్చింది: నిర్బంధ సైనిక సేవ, కొత్త పన్నులు, పీడ్‌మాంట్ తక్కువ సుంకాలు. మొదటిదాని వల్ల పొలంపనికి ఉండాల్సిన కుర్రాళ్లు కొండల్లోకి పారిపోయారు. మూడోదానివల్ల నేపుల్స్ చుట్టుపక్కల మిల్లులు బయటి సరుకు పోటీకి తట్టుకోలేకపోయాయి. చర్చి భూములు, ఊరుమ్మడి భూములు వేలానికి వస్తే కొన్నది డబ్బున్నవాళ్లే. 1861 నుంచి నాలుగైదేళ్లు దక్షిణ కొండల్లో ఒక అంతర్యుద్ధం సాగింది. ప్రభుత్వం దాన్ని బందిపోట్ల బెడద అంది. నిజంగా బందిపోట్లూ ఉన్నారు, బోర్బన్ పక్షపాతులూ ఉన్నారు, భూమి దక్కని రైతులూ ఉన్నారు. కార్మినె క్రొక్కో లాంటి నాయకుడు ఈ మూడూ కలిసినవాడు. ఒక దశలో గారిబాల్డి పక్షాన కూడా పోరాడాడు. 1861 ఆగస్టులో సైనికులను చంపినందుకు ప్రతీకారంగా పొంతెలాందొల్ఫో, కసల్దూని ఊళ్లను సైన్యం తగలబెట్టింది. 1863 నాటి పీకా చట్టం సైనిక న్యాయస్థానాలకు అధికారమిచ్చింది. లక్షకు పైగా సైన్యం అక్కడే మోహరించి ఉంది.

గారిబాల్డి రద్దుచేసిన పిండి మర పన్నును 1869 నుంచి దేశమంతటా మళ్లీ వసూలు చేశారు. మరల్లోని రాయి ఎన్నిచుట్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రం బిగించి మరీ. 1890లలో సిసిలీ కౌలురైతులు, గనికార్మికులు సంఘాలు కట్టి అడిగితే, 1894లో సైనికపాలన విధించి అణచినది ప్రధాని క్రిస్పి, ఆ వెయ్యిమందిలో ఒకడైన క్రిస్పి. అప్పటికే జనం ఓడలెక్కుతున్నారు. 1876కీ 1915కీ మధ్య సుమారు కోటీ 40 లక్షలమంది ఇటలీ విడిచి వెళ్లారు, కొందరు తిరిగొచ్చారు. చాలామంది సిసిలీ, కలాబ్రియా పల్లెవాసులను మొదటిసారి ఇటాలియన్లు అని పిలిచినది న్యూయార్క్‌లో, బ్యూనస్ ఎయిర్స్‌లో.

భాష, బడి, వంటిల్లు

ఏకీకరణ నాటికి ఇటాలియన్ భాష మాట్లాడగలిగినవాళ్లు నూటికి రెండున్నర మంది అని భాషావేత్త తుల్లియో దె మౌరో 1963లో లెక్కకట్టాడు. తర్వాత మరో పండితుడు పదిశాతం దాకా ఉండొచ్చన్నాడు. ఎలా చూసినా తక్కువే. తక్కినవాళ్లవి వెనిషియన్, నియాపొలిటన్, సిసిలియన్, పీడ్‌మాంటీజ్ వంటి సొంత వాడుకలు, ఒకరిదొకరికి సరిగా అర్థం కావు. 1861లో చదవడం రాయడం రానివారు నూటికి డెబ్బై అయిదు మంది వరకు, దక్షిణంలో ఇంకా ఎక్కువ. ప్రసిద్ధ నవలాకారుడు మంజోనీ మిలాన్‌వాడు. 1827లో అచ్చయిన తన నవలను ఫ్లోరెన్స్ పలుకుబడిలోకి మొత్తం తిరగరాసి 1840లో మళ్లీ వేయించడం మొదలుపెట్టాడు. 1868లో ప్రభుత్వం అతన్నే భాషాసంఘానికి అధ్యక్షుణ్ణి చేసింది. ఫ్లోరెన్స్ భాషనే బడుల్లో నేర్పాలన్నాడు. గొప్పభాషను పైనుంచి దింపడం ఏమిటని భాషాశాస్త్రవేత్త అస్కోలి ఎదురువాదించాడు.

బడి, సైన్యం కలిసి నెమ్మదిగా పనిచేశాయి. ఎద్మోందో దె అమీచిస్ 1886లో రాసిన కువోరె అనే పుస్తకం, టురిన్‌లోని ఒక తరగతి గదిలో కలాబ్రియా కుర్రాడిని తక్కినవాళ్లు ఎలా ఆహ్వానించారో వర్ణించి తరతరాల పిల్లలను ఏడిపించింది. వంటింటికీ ఈ పని అంటింది. రొమాన్యా ప్రాంతంలో పుట్టి ఫ్లోరెన్సులో స్థిరపడ్డ పట్టు వ్యాపారి పెల్లెగ్రీనో అర్తూసి 1891లో సొంతఖర్చుతో ఒక వంటల పుస్తకం అచ్చువేశాడు. గృహిణులు ఉత్తరాలు రాస్తూ తమ వంటకాలు పంపుతుంటే ప్రతి ముద్రణకూ పెంచుతూ పోయాడు. ఉత్తర, మధ్య ఇటలీ వంటలదే అందులో పెద్ద వాటా, దక్షిణానిది తక్కువ. ఈ తేడా వంటలకే పరిమితం కాదన్నది వేరే చెప్పక్కర్లేదు.

అయినా సామాన్యుల నోళ్లలోకి ఉమ్మడి భాష వచ్చినది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, దక్షిణాది కూలీలు టురిన్, మిలాన్ కార్ఖానాలకు వలసవచ్చాక, ఇంటింటికీ టెలివిజన్ చేరాక.

తర్వాతి జాతీయవాదం

మాజినీ జాతీయత ఇతర జాతులను గౌరవించమంది. 1870 తర్వాత అది మెల్లగా రంగు మార్చింది. ట్రెంటో, ట్రియెస్టె ఇంకా ఆస్ట్రియా చేతిలోనే ఉన్నాయి, వాటిని విడిపించాలన్న ఉద్యమం సాగింది. 1910లో ఎన్రీకో కొర్రదీని స్థాపించిన జాతీయవాద సంఘం వలసరాజ్యాలు కావాలంది. 1915లో లండన్ రహస్య ఒప్పందం ప్రకారం ఇటలీ మొదటి ప్రపంచ యుద్ధంలో దూకి, చివర్లో ట్రెంటో, ట్రియెస్టెలతోపాటు జర్మన్ మాట్లాడే దక్షిణ టైరాల్‌ను, స్లావ్ ప్రజలున్న ఇస్ట్రియాను కూడా తీసుకుంది. పరాయిపాలన నుంచి విముక్తి కోరి పుట్టిన ఉద్యమం ఇప్పుడు పరాయివాళ్లను ఏలసాగింది. గారిబాల్డి బొమ్మను ఫాసిస్టులు వాడుకున్నారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులకెదురు నిలిచిన ఇటాలియన్ దళం, 1943–45లో జర్మన్లతో పోరాడిన కమ్యూనిస్టు దళాలు కూడా తమకు గారిబాల్డి పేరే పెట్టుకున్నాయి.

చరిత్రకారులు కూడా ఇలాగే చీలారు. తత్వవేత్త బెనెదెత్తో క్రోచె ఏకీకరణ తర్వాతి ఉదారవాద ఇటలీని ఘనతగానే చూశాడు. ఫాసిస్టు జైల్లో నోటుపుస్తకాలు నింపిన ఆంటోనియో గ్రాంషీ, రైతుల్ని కలుపుకోకుండా పైవర్గాలు తమలో తాము సర్దుకుని చేసిన నిష్క్రియ విప్లవమిది అన్నాడు. 1954లో బ్రిటిష్ చరిత్రకారుడు డెనిస్ మాక్ స్మిత్, 1860లో కవూర్, గారిబాల్డి ఒకరినొకరు ఎలా అడ్డుకున్నారో పత్రాలతో చూపించి ఇటలీలో దుమారం రేపాడు. 2000లో అల్బెర్తో బాంతి, ఆనాటి నవలలు, పద్యాలు, ఆపెరాలు చదివి, జాతిని రక్తబంధంగా, కుటుంబ పరువుగా, బలిదానంగా ఊహించుకోవడమే చదువుకున్న యువకులను ప్రాణాలకు తెగించేలా చేసిందన్నాడు. బ్రోంతె చూస్తే గ్రాంషీ మాట, క్వార్తో తీరం చూస్తే బాంతి మాట నిజమనిపిస్తాయి.

భారతదేశంలో

మన జాతీయోద్యమంలో తొలితరం వారికి మాజినీ పేరు మంత్రంలా పనిచేసింది. సురేంద్రనాథ్ బెనర్జీ 1870లలో కలకత్తా విద్యార్థులకు అతని గురించి ఉపన్యాసాలిచ్చాడు. లాలా లజపతిరాయ్ మాజినీ, గారిబాల్డిల జీవితచరిత్రలు ఉర్దూలో రాశాడు. సావర్కర్ లండన్‌లో ఉండగా మాజినీ రచనలను మరాఠీలోకి తెచ్చాడు, 1907లో అచ్చయింది. రహస్య సంఘాలు ఎలా కట్టాలో అందులో అతనికి దొరికింది.

గాంధీ కూడా మాజినీని గౌరవించాడు, 1905లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో అతని గురించి రాశాడు. కానీ 1909లో హింద్ స్వరాజ్‌లో ఇటలీకి ఒక అధ్యాయమే కేటాయించి వేరే ప్రశ్న వేశాడు. ఆస్ట్రియా పోయింది, విక్టర్ ఇమాన్యుయేల్, కవూర్‌ల ఇటలీ వచ్చింది. అక్కడి కూలిజనానికి ఒరిగిందేమిటి? మాజినీ కోరినది అది కాదని, ఇండియాలో ఇంగ్లీషువాళ్లు పోయి వాళ్ల పద్ధతులు మిగిలితే ఇక్కడా అదే గతని వాదించాడు. ఆ పుస్తకం గుజరాతీ ప్రతిని 1910లో బొంబాయి ప్రభుత్వం నిషేధించింది.